చక్రాల బూట్ల ఫిర్యాదు

వెర్లీన్ టిడ్‌వెల్‌కి నవ్వు మొదలైతే ఆపడం ఎవరి తరమూ కాదు. ఆమె తరం అసలే కాదు. ఆనందం వస్తే నవ్వేది, భయం వేసినా నవ్వేది. పెద్దమేనత్త అంత్యక్రియల్లో పాస్టరుగారి పెట్టుడు పళ్ళు ‘హల్లెలూయా’ దగ్గర కొంచెం బయటికి జారేసరికి పదకొండేళ్ళ వెర్లీన్ బెంచీ కింద దూరి, నోట్లో గుడ్డ కుక్కుకుని కూర్చుంది. అయినా చర్చి మొత్తానికీ వినబడింది. తల్లి ఇంటికి తీసుకెళ్ళి వీపు విమానం మోత మోగించింది. దెబ్బలు తింటూ కూడా ఆ పిల్ల నవ్వుతూనే ఉందని వాటర్లూ ఊళ్ళో ఉత్తరపు పేటంతా చెప్పుకున్నారు.

తండ్రి ఈజెల్ మిసిసిపీ నుంచి రైల్వే పనికోసం అయోవా రాష్ట్రానికి వచ్చినవాడు. ఆ పేటలో సగం మంది అలా వచ్చినవాళ్ళే. వెర్లీన్‌కి పన్నెండేళ్ళప్పుడు ఒక ఫలహారశాలలో నల్లవాడని ఆయనకు కాఫీ పొయ్యలేదు. ఈజెల్ గొడవ పడలేదు. టోపీ తీసి చేత్తో పట్టుకుని నేరుగా జిల్లా ప్రాసిక్యూటరు గారి దగ్గరకు వెళ్ళాడు. హోటళ్ళలోనూ రైళ్ళలోనూ అందరూ సమానమేనని 1884లోనే ఈ రాష్ట్రం రాసుకున్న చట్టం ఒకటుంది. ఆ సంగతి ఆయనకు తెలుసు.

“చట్టం ఉంది ఈజెల్, లేదని నేనంటానా?” అన్నాడు ప్రాసిక్యూటరు. “కానీ ఇది క్రిమినల్ కేసు. నేను వెయ్యాలి, జ్యూరీ నమ్మాలి. జ్యూరీలో కూర్చునేది ఎవరో నీకు తెలియదా? ఆ హోటల్లో రోజూ కాఫీ తాగేవాళ్ళే.”

ఈజెల్ ఇంటికొచ్చి భార్యతో, “మన చట్టం బతికే ఉందే. పాపం, దానికి కాళ్ళే లేవు,” అన్నాడు. వెర్లీన్‌కి నవ్వొచ్చింది. తండ్రికీ వచ్చింది. తల్లి మాత్రం గిన్నెలు గట్టిగా చప్పుడు చేస్తూ కడిగింది.

చట్టం రాసుకున్న ఎనభై ఏళ్ళ తరువాత, 1965లో, రాష్ట్రం దానికి కాళ్ళు తగిలించింది. పౌరహక్కుల కమిషన్ పెట్టింది. ఇక ప్రాసిక్యూటరు దయ అక్కర్లేదు. ఉద్యోగం ఇవ్వకపోయినా, గుమ్మం తొక్కనివ్వకపోయినా కమిషన్‌కి రాసిస్తే చాలు. వాళ్ళే వచ్చి విచారిస్తారు, ముందు రెండు పక్షాలనీ కూర్చోబెట్టి మాట్లాడతారు, వినకపోతే బహిరంగ విచారణ పెట్టి ఆజ్ఞ ఇస్తారు.

అప్పటికి వెర్లీన్‌కి ముప్ఫై ఎనిమిదేళ్ళు. భర్త క్లోవిస్ పోయి నాలుగేళ్ళయింది. రాజధాని డిమోయిన్‌లో ఒక ఇన్సూరెన్సు కంపెనీలో కవర్ల మీద చిరునామాలు టైపు చేస్తోంది. కమిషన్‌కి టైపిస్టు కావాలని పేపర్లో చూసి ఇంటర్వ్యూకి వెళ్ళింది. డైరెక్టరు కొత్తవాడు. కుర్చీ ఇంకా రాలేదని పుస్తకాల పెట్టె మీద కూర్చున్నాడు.

“ఈ ఉద్యోగం ఎందుకు కావాలమ్మా?”

మా నాన్నకి కాఫీ పొయ్యలేదండీ అని చెబుదామని నోరు తెరిచింది. నవ్వు తన్నుకొచ్చింది. ఆపుకోబోయేసరికి ఇంకా ఎక్కువైంది. డైరెక్టరు ముందు బిత్తరపోయాడు, తరువాత ఆయనకీ అంటుకుంది. నవ్వే కుదుపుకి కింద పెట్టె పగిలి ఆయన చట్టపు పుస్తకాల మీద చతికిలబడ్డాడు. “సోమవారం రండి,” అన్నాడు అక్కణ్ణుంచే.

ఆఫీసులో మొత్తం నలుగురు. విచారణాధికారి ఆర్విడ్ బ్రాండ్‌వోల్డ్ నార్వే రైతుల ఇంటివాడు. పొడుగ్గా, తెల్లగా, మంచుకాలంలో ఆరేసిన దుప్పటిలా బిర్రుగా ఉండేవాడు. అంతకుముందు పద్నాలుగేళ్ళు వడగళ్ళ బీమాలో పనిచేశాడు. మొక్కజొన్న ఆకు పట్టుకుని, ఇది వడగల్లు కొట్టిన చిల్లా, పురుగు తిన్నదా, రైతే కత్తెరతో కోసుకున్నదా అని చెప్పేవాడట. “ఇక్కడా అదే పని మిసెస్ టిడ్‌వెల్,” అన్నాడు మొదటిరోజే. “చిల్లు ఎవరు చేశారో చూడడం.”

సెప్టెంబరులో ఒక ఉదయం, తలుపు తోసుకుని ఒక పెద్దావిడ వచ్చింది. నీలం టోపీ, చేతిలో గుండ్రటి టోపీ పెట్టె, మొహం నిండా చెమట.

“ఇక్కడేనా న్యాయం దొరికేది? ఇంకో అంతస్తు ఎక్కాలా? ముందే చెప్పమ్మా, నా మోకాళ్ళు ఒక్కసారికే ఒప్పుకున్నాయి.” అని, కళ్ళు చికిలించి చూసింది. “ఓసి నీ ఇల్లు బంగారంగానూ! నువ్వు ఈజెల్ కూతురివి కదూ! చర్చిలో బెంచీ కింద దూరిన పిల్లవి!”

ఆవిడ మిస్ అర్జూలా పీపుల్స్. వాటర్లూలో వెర్లీన్‌వాళ్ళ చర్చిలో ఆర్గన్ వాయిస్తుంది. అరవై ఒకటో ఏడు, పెళ్ళి చేసుకోలేదు. టోపీ పెట్టె మూత తీసింది. లోపల ధగధగలాడే తెల్ల తోలు చక్రాల బూట్లు.

“స్కేటింగా మిస్ అర్జూలా? మోకాళ్ళ నొప్పులన్నారు?”

“మెట్లు వేరు, చక్రాలు వేరు. చక్రాలెక్కితే నేను పదహారేళ్ళ పిల్లని. నవ్వకే! నవ్వుతూ టైపు చేస్తే అక్షరాలు వంకరపోతాయి.”

ఊరి చివర ప్రెయిరీ వీల్ అనే స్కేటింగ్ రింకు ఉంది. శనివారం మధ్యాహ్నం అక్కడికి వెళ్ళిందట. యజమాని వాల్టర్ క్రెబ్స్ గుమ్మంలోనే ఆపి, ఇది ప్రైవేటు క్లబ్బు, మెంబర్లకే ప్రవేశం అన్నాడు. మెంబరు కావాలంటే ఏం చెయ్యాలి అంటే, జాబితా చాలా పొడుగుంది, కమిటీ చూడాలి అన్నాడు. బస్సు వచ్చేదాకా బయట బల్ల మీద కూర్చుంటే, ఏవో మూడు తెల్ల కుటుంబాలవాళ్ళు కార్లు దిగి వెళ్ళి, నిమిషంలో కార్డులు తీసుకుని పిల్లల్ని రింకులోకి తోలుకుపోయారు.

“వాళ్ళు కొత్తవాళ్ళని ఎలా తెలుసు?” అని అడిగాడు బ్రాండ్‌వోల్డ్.

“ఒకాయన నన్నే అడిగాడు నాయనా, రింకు ఇదేనా అని! నేనే చూపించాను, వేలు పెట్టి!”

వెర్లీన్ టైపు మిషను మీద తల ఆనించేసింది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. బ్రాండ్‌వోల్డ్ ఆమెవంక గంభీరంగా చూసి, “మీకు ఫిర్యాదుదారు తెలిసినావిడ. ఇబ్బంది కాదా?” అన్నాడు.

“వాటర్లూ ఉత్తరపు పేటలో అందరికీ అందరూ మేనత్తలేనండీ. తెలియనివాళ్ళే కావాలంటే మనిషిని నార్వే నుంచి తెప్పించాలి.”

“నన్ను తెప్పించారుగా,” అన్నాడు బ్రాండ్‌వోల్డ్. అది వేళాకోళమో కాదో వెర్లీన్‌కి చాలా ఏళ్ళు అంతుపట్టలేదు.

అక్టోబరు రెండో శనివారం ఇద్దరూ వాటర్లూ వెళ్ళారు. ముందు వెర్లీన్ వెళ్ళి మెంబరుషిప్ అడగాలి. పది నిమిషాలాగి బ్రాండ్‌వోల్డ్ అడగాలి. ఎవరికి ఏం జవాబొచ్చిందో రాసుకోవాలి. “నేను కార్డు తీసుకుని వెంటనే వచ్చేస్తాను. నాకు స్కేటింగ్ రాదు,” అని ఆయన రెండుసార్లు చెప్పాడు.

వెర్లీన్ నవ్వొస్తుందేమోనని నాలుక కొరుక్కుంటూ లోపలికెళ్ళింది. ముందుగది, టికెట్ కిటికీ, ఆ వెనక పెద్ద అద్దం. అద్దంలోంచి రింకు మొత్తం కనబడుతుంది. కిటికీలో క్రెబ్స్ భార్య లోర్నా కూర్చుని ఉంది. పక్కన నిలబడి ఉన్నది క్రెబ్స్.

“మెంబర్లకేనమ్మా. జాబితా నిండిపోయింది. కమిటీ కూర్చున్నప్పుడు చూస్తాం.”

“కమిటీ ఎప్పుడు కూర్చుంటుందండీ?”

“చెప్పలేం.”

“సరే, వాళ్ళు కూర్చునేదాకా నేనూ కూర్చుంటాను,” అని వెర్లీన్ గోడవారగా బల్లమీద కూర్చుంది. క్రెబ్స్ చెవి గోక్కున్నాడు.

ఇంతలో బ్రాండ్‌వోల్డ్ వచ్చాడు. నల్ల కోటు, నల్ల టోపీ, చేతిలో గొడుగు.

“మెంబరు కావాలనుకుంటున్నాను.”

“రండి రండి!” క్రెబ్స్ మొహం వెలిగిపోయింది. “లోర్నా, సారుకి కార్డు! ఎన్నో నెంబరు బూట్లు సార్? పన్నెండా? అబ్బో! మొదటిసారా? భయపడకండి, నేనే దగ్గరుండి నేర్పిస్తా!”

“నేను ఇవాళ…” అన్నాడు బ్రాండ్‌వోల్డ్.

“ఇవాళే! మంచిపనికి రేపెందుకు?”

బ్రాండ్‌వోల్డ్‌కి అబద్ధం రాదు. చిన్నప్పటినుంచీ రాదు. నడుము నొప్పనో, ఇంట్లో పనుందనో చెప్పి తప్పించుకోవడం ఆయనకు చేతకాలేదు. రెండు నిమిషాల్లో గొడుగూ టోపీ కిటికీలోకి వెళ్ళిపోయాయి. ఆయన నల్ల కోటుతోనే, ఎర్ర చక్రాల బూట్లతో, ఆరడుగుల మూడంగుళాల మనిషి, చెక్కనేల మీదికి తోయబడ్డాడు.

మొదట గోడ పట్టుకుని నాలుగడుగులు వేశాడు. గోడ అయిపోయింది. క్రెబ్స్ వెనకనుంచి చిన్నగా ఒక తోపు తోశాడు. బ్రాండ్‌వోల్డ్ రెండు చేతులూ బార్లా చాపి, మొహంలో ఏ భావమూ లేకుండా, బాతుల్లా వరసకట్టిన పుట్టినరోజు పార్టీ పిల్లల మధ్యలోంచి దూసుకుపోయాడు. పిల్లలు రెండుపక్కలా పక్షుల్లా చెదిరిపోయారు. ఆయన అవతలి స్తంభాన్ని కావలించుకుని ఆగాడు. స్తంభం చుట్టూ ఒకసారి తిరిగాడు. రెండోసారి తిరిగాడు. కింద పడ్డాడు. పడ్డవాడు లేచి నిలబడి, జేబులోంచి పుస్తకం తీసి, టైము చూసి ఏదో రాసుకున్నాడు. రాస్తూ మళ్ళీ పడ్డాడు.

వెర్లీన్ నాలుక కొరుక్కుంది. పెదవి కొరుక్కుంది. చేతిసంచీ పట్టీ కొరికింది. ఇక లాభం లేకపోయింది. నవ్వు పొట్టలోంచి మొదలై, భుజాలకెక్కి, ముందుగది నిండా పకపకలై పగిలింది. కిటికీలో లోర్నా క్రెబ్స్ మొదట మొహం ముడుచుకుంది. అప్పుడే బ్రాండ్‌వోల్డ్ నిమ్మరసం అమ్మే బల్ల దగ్గరికి వెనక్కి వెనక్కి జారుకుంటూ వచ్చి, ఒక ముసలావిడ ఒళ్ళో కూర్చుని, “క్షమించండి మేడమ్,” అన్నాడు. లోర్నా కూడా పగలబడి నవ్వింది. ఇద్దరాడవాళ్ళూ చెరో పక్కా కిటికీ చట్రం పట్టుకుని, ఊపిరాడక, ఒకరి కళ్ళల్లోకి ఒకరు చూసుకుని, మళ్ళీ మొదలుపెట్టారు.

“అయ్యో… దేవుడా… కడుపు నొప్పి…” లోర్నా కళ్ళు తుడుచుకుంది. “ఇలా నవ్వి ఎన్నాళ్ళయిందో! లోపలికి రా తల్లీ, నీళ్ళు తాగుదువుగాని. అయ్యో, రాకూడదు కదూ! కమిటీ! కమిటీ ఏమిటి నా తలకాయ! కమిటీ అంటే మా ఆయనే. మొన్న జులైలో కొత్త చట్టం వచ్చాక ఈ కార్డులు అచ్చేయించాడు. అంతకుముందు క్లబ్బూ లేదు, గిబ్బూ లేదు.”

వెర్లీన్ నవ్వు ఆగిపోయింది. అంత ఠక్కున ఆగడం ఆమె జన్మలో అదే మొదటిసారి. కావలసిన సాక్ష్యం ఒళ్ళో వచ్చి పడింది. కానీ ఇచ్చినావిడ తనతో కలిసి కళ్ళనీళ్ళొచ్చేలా నవ్విన మనిషి. చెప్పకుండా వెళ్ళిపోతే దొంగతనం చేసినట్టు ఉంటుందనిపించింది.

“మిసెస్ క్రెబ్స్, నేను రాష్ట్ర కమిషన్ నుంచి వచ్చాను. మీరిప్పుడు అన్న మాట రాసుకోవాలి. మీకు చెప్పకుండా రాయడం ఇష్టంలేక చెబుతున్నాను.”

లోర్నా చెయ్యి నోటిమీద ఆగిపోయింది. అద్దంలోంచి మొగుడివైపు చూసింది. ఆయన చెమటలు కక్కుతూ, బ్రాండ్‌వోల్డ్‌ని చంకల కింద పట్టి లేపుతున్నాడు.

“ఆ పొడుగాయన కూడా మీవాడేనా?”

“ఆ.”

ఆమె పెదవులు వణికాయి. కోపమనుకుంది వెర్లీన్. కాదు, ఇంకో విడత నవ్వు. “వాల్టర్ ఆయన్ని అరగంటనుంచీ మోస్తున్నాడే!” అంది. తరువాత నెమ్మదిగా, “రాసుకో. నేనన్నది నిజమే. క్రెబ్స్‌లో చివర ఒక్కటే ఎస్సు,” అంది.

నవంబరులో రాజీ మాటలకు కూర్చున్నారు. బల్లకి ఒకవైపు క్రెబ్స్, ఆయన వకీలు, లోర్నా. మరోవైపు మిస్ అర్జూలా, బ్రాండ్‌వోల్డ్. మాటలన్నీ రాసుకుంటూ చివర వెర్లీన్.

క్రెబ్స్ మొహం కందగడ్డలా ఉంది. “నాకెవరిమీదా ద్వేషం లేదు. వీళ్ళొస్తే నా మనుషులు రారు. రింకు మూసుకోవాలి. అప్పుడు మీ కమిషన్ వచ్చి నా ఇల్లు నడుపుతుందా?”

“ఆ భయం మాకు అర్థమవుతుంది,” అన్నాడు బ్రాండ్‌వోల్డ్. “కానీ మీది క్లబ్బు కాదు. నేను వేరే జిల్లావాణ్ణి. నా పేరైనా సరిగ్గా అడక్కుండా నిమిషంలోపు మెంబర్ని చేశారు. నాకు స్కేటింగ్ రాదని కళ్ళారా చూశారు.”

“చూడకేం! పదకొండుసార్లు పడ్డావు!”

“పద్నాలుగు,” అని బ్రాండ్‌వోల్డ్ పుస్తకం తెరిచి చూపించాడు. “టైముతో సహా రాశాను.”

వెర్లీన్ పెన్సిలు విరిగింది. వకీలు ఎంతో శ్రద్ధగా పైకప్పు చూడసాగాడు.

“నేను బహిరంగ విచారణకే వెళ్తాను!” క్రెబ్స్ లేచాడు.

“వెళ్ళు,” అంది లోర్నా. “నన్ను సాక్షిగా పిలుస్తారు. బైబిల్ మీద చెయ్యేసి నేను అబద్ధమాడను వాల్టర్. కమిటీ ఎవరని అడిగితే నిన్నే చూపిస్తాను.”

క్రెబ్స్ నిలబడ్డవాడు నిలబడ్డట్టే ఉన్నాడు. మిస్ అర్జూలా ఇప్పుడు టోపీ సర్దుకుంది. “మిస్టర్ క్రెబ్స్, నా బూట్లు చూశారా మీరు?”

“లేదు.”

“చూస్తే ఆపేవారు కాదు. మీకు బూట్ల విలువ తెలుసు. ఊళ్ళో అందరూ చెబుతారు, కుర్రతనంలో మీరు స్కేటింగ్‌లో రాష్ట్ర ఛాంపియనట కదా?”

ఆయన మెల్లిగా కూర్చున్నాడు. సంతకానికి ఇంకో గంట పట్టింది. తలుపు అందరికీ తెరవాలి. అలా అని బోర్డు పెట్టాలి. మిస్ అర్జూలాకి క్షమాపణ ఉత్తరం రాయాలి. ఏడాదిపాటు కమిషన్ మనుషులు చెప్పకుండా వచ్చి చూసుకోవచ్చు. “నన్ను మాత్రం పంపకండి,” అన్నాడు బ్రాండ్‌వోల్డ్ డైరెక్టరుతో.

డిసెంబరు మొదటి శనివారం చర్చి చర్చంతా రింకుకి తరలింది. పాస్టరుగారు, ఆయన కొత్త పళ్ళు, గాయకబృందం, పిల్లలు, వేయించిన చేప డబ్బాలు. లోపల ఉన్న తెల్లవాళ్ళలో నాలుగు కుటుంబాలు కోట్లు తొడుక్కుని వెళ్ళిపోయాయి. క్రెబ్స్ ఒక్కొక్క కోటునీ గుమ్మందాకా చూశాడు. మిగిలినవాళ్ళు గోడవారకి ఒదిగారు. సంగీతం మోగుతోంది. నేల ఖాళీగా ఉంది. మొదటిసారి చక్రాలెక్కింది కాబట్టి వెర్లీన్ కాళ్ళు ఏ కాలు ఎటు పోవాలో తేల్చుకోలేకపోతున్నాయి.

“ఇప్పుడు ఆడవాళ్ళ ఎంపిక! ఆడవాళ్ళు జోడీని పిలవాలి!” అని మైకులో లోర్నా గొంతు.

మిస్ అర్జూలా తెల్లబూట్ల మీద నేల మధ్యలోంచి నీళ్ళమీద హంసలా సాగిపోయింది. మోకాళ్ళు ఎక్కడున్నాయో అసలు కనబడలేదు. క్రెబ్స్ ముందు ఆగి చెయ్యి చాపింది.

“వాల్టర్,” అంది మైకులో లోర్నా, మైకు ఆపడం మరిచిపోయి, “చెయ్యివ్వు.”

ఇచ్చాడు. మొదటి చుట్టు ఇద్దరూ కొయ్యబొమ్మల్లా తిరిగారు. రెండో చుట్టులో మిస్ అర్జూలా ఆయన చెయ్యి వదలకుండానే గిర్రున తిరిగి, వెనక్కి, కాలు మీద కాలు దాటిస్తూ స్కేట్ చేసింది. క్రెబ్స్ కళ్ళు పెద్దవయ్యాయి. ఆయనా వెనక్కి తిరిగాడు. మూడో చుట్టుకి ఛాంపియన్ మేలుకున్నాడు. ఇద్దరూ మలుపుల్లో ఒక్క మనిషిలా ఒరిగి, గాలిలా చుట్టేస్తుంటే పిల్లలు చప్పట్లు మొదలుపెట్టారు.

“ఎక్కడ నేర్చుకున్నారండీ, ఈ వెనకనడక?” అని రొప్పుతూ అడిగాడు క్రెబ్స్.

“మీ రింకు బయట. తారురోడ్డు మీద. నలభై ఏళ్ళు.”

పాట అయిపోయాక కూడా క్రెబ్స్ ఆవిడ చెయ్యి వదలడం మరిచిపోయాడు. ఆ తరువాత నేల నిండింది. పాస్టరుగారు పడ్డారు, క్రెబ్స్ వకీలు పిల్లలు ఆయన్ని లేపబోయి పడ్డారు, వెర్లీన్ ఎవరినీ లేపకుండానే పడింది, నవ్వుతూ లేవలేక అక్కడే కూర్చుంది. చుట్టూ జనం ఆమెని దీపస్తంభంలా తప్పించుకుని తిరిగారు.

మూడేళ్ళకి వెర్లీన్‌ని విచారణాధికారిని చేశారు. చట్టం పెరుగుతూ పోయింది. ఆడవాళ్ళూ దానికిందికి వచ్చారు, తరువాత అంగవైకల్యం ఉన్నవాళ్ళూ వచ్చారు. అన్నీ రింకు కేసులా తేలలేదు. వచ్చిన కేసుల్లో సగం ఆధారం లేక మూసేయాల్సొచ్చేది. ఆ కాగితాల మీద సంతకం పెట్టినరోజు ఆమె మధ్యాహ్నం భోజనం ముట్టేది కాదు. ఒకసారి విచారణలో నవ్వినందుకు మందలింపు ఉత్తరం కూడా అందుకుంది. అవతలి వకీలు, గర్భిణి అయిన టీచరు బ్లాకుబోర్డుకి అడ్డం వస్తుందని వాదించాడు మరి.

ఆ ఏళ్ళలోనే ఒకసారి, రాష్ట్రానికి దక్షిణాన ఒక చిన్న ఊరి నుంచి, చక్రాల కుర్చీలో తిరిగే ఎమ్మెట్ స్లోకమ్ అనే గడియారాల మరమ్మతుదారు ఫిర్యాదు పంపాడు. గ్రంథాలయానికి పదిహేడు మెట్లు, ఆయనకు లోపలికి దారి లేదు. రాజీ సమావేశం ఎక్కడ పెట్టాలి అంటే, గ్రంథాలయం కమిటీ అధ్యక్షుడు అలవాటుగా, “మా మీటింగు హాల్లో, పై అంతస్తులో,” అని ఫోనులో చెప్పాడు. వెర్లీన్ సరేనంది. ఆరోజు వెళ్ళి, ఎమ్మెట్ పక్కన మెట్ల కింద కాలిబాట మీద మడతకుర్చీ వేసుకుని కూర్చుని, మేం వచ్చేశామని పైకి కబురంపింది.

పావుగంటకి ఒక తల కిటికీలోంచి బయటికొచ్చింది. తరువాత కమిటీ సభ్యులు ఏడుగురూ, తలా ఒక కుర్చీ మోసుకుంటూ, మెట్లు లెక్కపెట్టుకుంటూ కిందికి దిగారు. అధ్యక్షుడు పన్నెండో మెట్టు దగ్గర ఆగి మోకాలు రుద్దుకున్నాడు.

“నొప్పా సార్?” అన్నాడు ఎమ్మెట్ ఎంతో మర్యాదగా. “నాకైతే మెట్ల నొప్పే లేదండీ.”

వెర్లీన్ మొహం కాగితాల్లో దాచుకుంది. అప్పుడే వాన మొదలైంది. ఎదురుగా బేకరీ ఆవిడ కాఫీలు పంపింది, కప్పుల్లో చినుకులు పడి టపటపమన్నాయి. ఎవరూ లేవలేదు. పక్కతలుపు దగ్గర వాలుదారి కట్టొచ్చని ఒక సభ్యుడన్నాడు. వెడల్పెంత ఉండాలని ఇంకొకాయన అడిగాడు. ఎమ్మెట్ తన కుర్చీ చక్రాల మధ్య కొలత చెప్పాడు. వెర్లీన్ ఆ కొలత రాస్తుంటే సిరా తడిసి పాకుతోంది. అధ్యక్షుడు తన గొడుగు తలమీంచి తీసి ఆమె కాగితం మీద పట్టాడు. “రాయండమ్మా,” అన్నాడు, ముక్కుమీంచి నీళ్ళు కారుతుండగా. వెర్లీన్ నవ్వుతూ రాసుకుపోయింది.